ముల్లు గీత దాటిన ఉదయం

ఆ ఉదయం ఇంట్లో అనుకున్నది చాలా చిన్న సంగతి. ఏడింటికి జీపులో బయలుదేరాలి. తొమ్మిదిన్నరకల్లా కొండమీది వాతావరణ కేంద్రం చేరాలి. పది గంటల లోపు అమ్మాయి అక్కడి ఆఫీసరు ఎదుట సంతకం పెట్టి ఉద్యోగంలో చేరాలి. మిగతావాళ్లు మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఇంట్లో భోంచేయాలి. అంతే.

ఉత్తర్వులో మాత్రం ఒక వాక్యం ఉంది. "నిర్ణీత దినమున ఉదయం పది గంటలలోగా హాజరుకాని యెడల నియామకము రద్దుపరచి, జాబితాలోని తరువాతి అభ్యర్థికి ఇవ్వబడును." ఆ వాక్యాన్ని తండ్రి వారం రోజుల్లో నలభైసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ ఆ తరువాతి అభ్యర్థి తమ గుమ్మం బయటే చెప్పులు విడుస్తున్నట్టు అనిపించేది. అమ్మాయి మూడేళ్లు పరీక్షలు రాసి తెచ్చుకున్న ఉద్యోగం అది. గాలి వేగం, తేమ, గాలి ఒత్తిడి గంటగంటకూ చూసి పుస్తకంలో రాసే పని. కొండమీదికి వెళ్లే మొదటి బస్సు పదకొండు దాటితే గాని చేరదు. కాబట్టి జీపే దిక్కు.

తండ్రి ఆస్పత్రి లాండ్రీలో బాయిలర్ ఆపరేటరు. దుప్పట్లు ఉతికే ఆవిరి ఆయన గదిలోనే తయారవుతుంది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని గేజీలో ముల్లు ఎక్కడుందో చూడడం, పావుగంటకోసారి రాసుకోవడం ఆయన పని. అందుకే ఆస్పత్రిలో అందరూ ఆయన్ని ముల్లుగారు అనేవారు. ముల్లుగారికి మూడు నియమాలుండేవి. ముల్లు ఎర్ర గీత దాటితే ముందు మనుషుల్ని యాభై అడుగుల దూరం తప్పించాలి. ఆ తర్వాతే మంట సంగతి చూడాలి. ఏ పని ముగించినా, దిగేముందు ప్రతి వాల్వునూ కుడివైపు తిప్పి బిగించాలి. ఇంట్లో ఆయన కట్టిన కుళాయి మళ్లీ విప్పడానికి భార్యకు రెండు చేతులూ, ఒక తువ్వాలూ కావలసి వచ్చేవి.

దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా ఆయన అడిగేది ఒకటే, ఏదీ పేలకూడదని. ఇంత పిరికివాడు బాయిలర్ దగ్గర ఎలా పనిచేస్తున్నాడని కొందరు నవ్వేవారు. పిరికితనం లేనివాడు అక్కడ ఎన్నాళ్లు మిగులుతాడని మాత్రం ఎవరూ అడగలేదు.

జీపు పాతది. ఆస్పత్రి వేలంలో కొన్న డీజిల్ ఫోర్‌వీల్ బండి. చదును రోడ్డు మీద మర్యాదగానే నడిచేది. ఎత్తు కనబడగానే ఆయాసపడి నల్లగా దగ్గేది. అందుకని గ్యారేజీ నడిపే బావమరిది ముందురోజు మధ్యాహ్నం వచ్చి బానెట్ ఎత్తాడు.

"టర్బో నీరసపడింది బావా. ఇంజిన్‌లోకి గాలి దట్టించేది అదేగా! దట్టించడం లేదు. అందుకే కొండెక్కనంటోంది."

"ఇప్పుడేం చేస్తావురా?"

"ఇదిగో, ఈ సన్న రబ్బరు గొట్టం మధ్యలో చిన్న ఇత్తడి వాల్వు పెడుతున్నా. గాలి ఒత్తిడి ఎంత ఉండాలో దీంతో మనమే చెప్పొచ్చు. నీ ఎదురుగా గేజీ కూడా బిగిస్తా. నీకు ముల్లు లేకపోతే తోచదుగా!"

గేజీ బిగించాక అక్క దగ్గర గోళ్లరంగు అడిగి తెచ్చి, పదిహేను అంకె మీద ఎర్రగా గీత గీశాడు. "ముల్లు పన్నెండు దగ్గర ఆడాలి బావా. గీత దాటనీయకు. ఎక్కువైతే వాల్వు పావు చుట్టు తెరువు. తక్కువైతే పావు చుట్టు మూయి. అంతే."

ముల్లుగారు నవ్వి ఊరుకున్నాడు. ఒత్తిడి ఎక్కువైతే తెరవడమేమిటి? గొట్టం టర్బో నుంచి వస్తోంది. వచ్చే దారి మూస్తే రావడం తగ్గుతుంది. లాండ్రీలో ఇస్త్రీ యంత్రానికి వెళ్లే ఆవిరి సంగతీ అంతే. పాపం, కుర్రవాడు కంగారులో తిరగేసి చెప్పాడు, దిద్దితే అక్క ముందు చిన్నబుచ్చుకుంటాడు అనుకున్నాడు. సాయంత్రం బావమరిది వెళ్లాక, అలవాటు చొప్పున బానెట్ ఎత్తి, ఇత్తడి వాల్వును కుడివైపు అర చుట్టు బిగించి, చేతులు కడుక్కుని నిశ్చింతగా పడుకున్నాడు.

తెల్లవారి ఏడింటికి బండి కదిలింది. ముందు సీట్లో ఆయన పక్కన అమ్మాయి, ఒళ్లో ఉత్తర్వు. వెనక భార్య, పరుపుచుట్ట, రెండు పెట్టెలు, వాటి మధ్య ఆయన తల్లి. మనవరాలు పడుకోబోయే మంచం కళ్లారా చూడందే ఊరుకోనని ముసలావిడ పంతం పట్టింది. ఆవిణ్ణి జీపెక్కించడానికే పది నిమిషాలు పట్టింది.

మొదటి ఎత్తు రాగానే జీపు దగ్గలేదు. పొగ వదల్లేదు. కోడెదూడలా ఉరికింది.

"అబ్బ! మా తమ్ముడి చెయ్యి పడితే చాలండీ, ఎంత బాగా లాగుతోందో!" అంది భార్య.

ముల్లుగారికి ఆ మాట వినబడలేదు. ఆయన కళ్లు గేజీ మీద ఉన్నాయి. ముల్లు పన్నెండు దాటింది, పదమూడు దాటింది, గీత దాటి పదహారు దగ్గర నిలబడి వణుకుతోంది. ఆయన వెంటనే బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదమ్మా. చిన్న సర్దుబాటు."

బానెట్ ఎత్తి వాల్వును కుడివైపు పావు చుట్టు బిగించాడు. జేబులో చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. "ఏడు నలభై. ముల్లు 16. పావు చుట్టు మూసితిని." తిరిగొచ్చి చూస్తే ముల్లు సున్నా మీద ఉంది. ఇంజిన్ ఆపగానే గాలి ఒత్తిడి పోవడం మామూలే. కాని ఆ సున్నా చూసి ఆయన మనసు కీడు శంకించింది. బాయిలర్ కింద మంట తీసేసినా ముల్లు దిగడానికి గంట పడుతుంది. ఇది చిటికెలో దిగింది. అంత ఒత్తిడీ ఎక్కడికి పోయినట్టు?

రెండో ఎత్తులో జీపు ఇంకా హుషారుగా ఎక్కింది. ముందు వెళ్తున్న కూరగాయల వ్యానును దాటేసింది. వెనక నుంచి తల్లి, "మెల్లగా పోనియ్యరా, నా పళ్లసెట్టు కదిలిపోతోంది!" అని అరిచింది. ముల్లు పంతొమ్మిది దగ్గరుంది. ముల్లుగారు మళ్లీ ఆగాడు. ఈసారి ముందు బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, గీత దాటి పంతొమ్మిదికి పోయిందిరా!"

"పంతొమ్మిదా? ఏం చేశావు బావా? తెరువు, ముందు వాల్వు తెరువు!"

"తెరవాలా?"

"ఆ, తెరువు! లేదంటే ఇంజిన్..." అంటుండగా ఫోన్ తెగిపోయింది. కొండ మలుపుల్లో సిగ్నల్ అంతే.

ముల్లుగారు తెగిన ఫోన్ వంక చూస్తూ నిలబడ్డాడు. 'లేదంటే ఇంజిన్' తర్వాత ఏముంటుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాని తెరవమంటాడేమిటి వీడు? పొంగుతున్నదాన్ని ఇంకా తెరిస్తే నలుగురి ప్రాణాలూ గాలికేగా! కంగారులో మళ్లీ తిరగేసే చెబుతున్నాడు. దేవుణ్ణి తలుచుకుని, కుడివైపు మరో పావు చుట్టు బిగించి, పుస్తకంలో రాశాడు. "ఎనిమిది పది. ముల్లు 19. పావు చుట్టు మూసితిని."

"తమ్ముడేమన్నాడు?" అని భార్య అడిగింది.

"సర్దుకుంటుందన్నాడు," అన్నాడాయన. ఆ ఉదయం ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే. మనిషి దేవుడికి భయపడి మానేసిన అబద్ధం ఇంజిన్‌కి భయపడి ఆడేస్తాడు కాబోలు.

ఎనిమిదీ నలభైకి పెద్ద మలుపు వచ్చింది. ఒకపక్క బండరాయి గోడ, ఒకపక్క లోయ, మలుపు మధ్యలో రేకుల టీకొట్టు. ఎత్తు నిటారుగా ఉంది. ఆయన యాక్సిలరేటరు అలా తొక్కాడో లేదో, ముల్లు గిర్రున తిరిగి ఇరవై రెండు మీద పడింది. ముల్లుగారి పైప్రాణాలు పైనే పోయాయి. బ్రేకు తొక్కి, రోడ్డు మధ్యలోనే బండి ఆపేసి, తాళంచెవి తిప్పేశాడు. ముల్లు టపీమని సున్నాకి పడిపోయింది. ఆయన అలవాటుగా పుస్తకంలో "ఎనిమిది నలభై. ముల్లు 22." అని రాసుకున్నాడు.

అప్పుడు ఆయనకు అంతా అర్థమైపోయింది. అంతా తప్పుగా అర్థమైంది.

లాండ్రీలో కొత్తగా చేరినవాళ్లకు ఆయనే చెప్పేవాడు. ముల్లు ఎక్కువ చూపిస్తే ప్రమాదం, కాని ఉన్నట్టుండి సున్నా చూపిస్తే పెద్ద ప్రమాదం. గేజీకి వెళ్లే దారి పూడుకుపోయిందన్నమాట. ముల్లు సున్నా అంటుంది, ఒత్తిడి మాత్రం లోపలే కూర్చుని ఉంటుంది. మూడుసార్లు ఆగితే మూడుసార్లూ ఈ గేజీ సున్నా చూపించింది. మూడుసార్ల ఒత్తిడీ లోపల పేరుకుని ఉంది!

"దిగండి! అందరూ దిగండి! యాభై అడుగులు!"

"ఏమిటండీ ఈ గోల?" అంది భార్య. "పట్టుమని పాతిక కూడా లేదు. మీ బాయిలర్ నూరు పౌన్ల మీద ఉంటుందని మీరేగా చెప్తారు? అక్కడ కునుకు తీస్తారు, ఇక్కడ కేకలేస్తారా?"

"అంకె కాదే, గీత! గీత దాటిందా లేదా? అదీ లెక్క! దిగు ముందు!"

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి భార్య మారుమాటాడకుండా పరుపుచుట్ట ఎత్తుకుని దిగింది. అమ్మాయి ఒక పెట్టె పట్టుకుని, గడియారం చూసుకుంటూ దిగింది. ఇద్దర్నీ ఎగువవైపు తరిమి, అడుగులు లెక్కపెట్టి నిలబెట్టాడు. తిరిగొచ్చి చూస్తే తల్లి కదలకుండా కూర్చుని ఉంది.

"అమ్మా, దిగవే! పేలిపోతుంది!"

"పేలితే పేలనీరా. ఎక్కడానికి పది నిమిషాలు పట్టింది. మళ్లీ దిగి మళ్లీ ఎక్కడం నా మోకాళ్ల వల్ల కాదు."

"నీకు దణ్ణం పెడతానే అమ్మా!"

"దణ్ణం దేవుడికి పెట్టు. నాకు ఆ కిటికీ కాస్త తెరువు, ఉక్కపోస్తోంది."

ఆయన కిటికీ తెరిచాడు. అప్పటిదాకా ఆ ఉదయం ఆయన తెరిచింది అదొక్కటే.

ఇంతలో కూరగాయల వ్యాను వచ్చి ఆగింది. దాని వెనక పాలబండి, దాని వెనక ఇసుక లారీ. ముల్లుగారు రెండు చేతులూ చాపి రోడ్డు మధ్య నిలబడి, "వెనక్కి, వెనక్కి! పేలుతుంది!" అని కేకలు పెట్టాడు. 'ఏం పేలుతుంది' అని అడిగినవాడు లేడు. 'పేలుతుంది' అన్న ముక్క ఒక్కటి చాలింది. వ్యాను డ్రైవరు రివర్సులో పాలబండిని గుద్దినంత పని చేశాడు. టీకొట్టు ఆయన పొయ్యి ఆర్పి, కెటిలూ గ్లాసుల బుట్టా చంకనెత్తుకుని బండరాయి మీదికెక్కాడు.

పావుగంటకు మోటారుసైకిలు మీద ఒక కానిస్టేబుల్ వచ్చాడు. "ఏమిటండీ ఇక్కడ? ఎవరు మీరు?"

ముల్లుగారు జేబులోంచి ఆస్పత్రి గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. కానిస్టేబుల్ చదివి రెండడుగులు వెనక్కి వేశాడు. "బాయిలర్ ఆపరేటరా? పేలేది బాయిలరా?"

"ప్రెజర్... గీత దాటిందండీ... లోపలే ఉంది..." అంటూ ముల్లుగారు జీపు వైపు చెయ్యి చూపించాడు.

"జీపులో బాయిలరా! లోపల మనుషులెవరూ లేరు కదా?"

"మా అమ్మ ఉందండీ."

"ఏమిటీ!" కానిస్టేబుల్ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. "అమ్మా! వెంటనే దిగిరండి!"

కిటికీలోంచి ముసలావిడ తల బయటపెట్టింది. "నువ్వొచ్చి ఎత్తుకుని దింపు నాయనా, దిగుతాను."

కానిస్టేబుల్ వెళ్లలేదు. కార్డు తిరిగిచ్చి, "ఎంత దూరం ఉండాలంటారు?" అన్నాడు.

"యాభై అడుగులండీ."

"మీకు అలవాటు కాబట్టి యాభై అంటున్నారు. నాకు పిల్లలున్నారు. రెండొందలు పెడతాను." అందర్నీ తోలుకుంటూ మలుపు కిందికి దిగిపోయాడు. రాయి చాటున రోడ్డుకి అడ్డంగా మోటారుసైకిలు పెట్టి, వైర్‌లెస్‌లో ఫైరింజను రమ్మన్నాడు. అది వచ్చేదాకా ఆ మలుపు వైపు తొంగి కూడా చూడనని అక్కడున్నవాళ్లకు స్పష్టంగా చెప్పాడు.

తొమ్మిదీ ఇరవై అయింది. అమ్మాయి పెట్టె రోడ్డు మీద పెట్టి తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నలభై నిమిషాలే ఉంది."

"ప్రాణం ఉంటే ఉద్యోగం మళ్లీ వస్తుందమ్మా."

"రాదు నాన్నా. నాకిది ఆఖరి ఏడు. వయసు దాటిపోతుంది. పది కొట్టగానే తర్వాతి పేరువాళ్లకి ఫోన్ వెళ్తుంది." అమ్మాయి కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "మీ పుస్తకం ఇవ్వండి."

"పుస్తకం దేనికి?"

"ఇవ్వండి నాన్నా. రీడింగులు చూడడమేగా రేపట్నుంచి నా పని!"

చూసింది. మూడు వరుసలు. అన్నీ గుండ్రటి అక్షరాలు. ప్రాణభయంలో కూడా కొట్టివేత లేదు. "పదహారు, మూశారు. పంతొమ్మిది, మూశారు. ఇరవై రెండు, ఇంకా మూయలేదు. బయలుదేరేముందు ఏమైనా చేశారా?"

"రాత్రి అర చుట్టు బిగించాను. అలవాటు."

"అది రాయలేదేం?"

"అది పని కాదుగా. పని ముగించడం."

"నాన్నా, మీరు మూసినప్పుడల్లా పెరిగింది. ఒక్కసారి కూడా తగ్గలేదు. మామయ్య ఏమన్నాడు? నిజం చెప్పండి."

ముల్లుగారు తల దించుకున్నాడు. "తెరవమన్నాడు."

అమ్మాయి నేల మీద కూర్చుని, పుల్లతో మట్టిలో బొమ్మ గీసింది. "ఇది టర్బో. ఇది సన్న గొట్టం. ఇది గొట్టం చివర ఉండే డబ్బా. ఈ గొట్టంలో వెళ్లేది ఇంజిన్‌కి గాలి కాదు నాన్నా. డబ్బాకి కబురు. 'ఒత్తిడి చాలు, తలుపు తియ్యి' అన్న కబురు. అది అందితే డబ్బా పక్క తలుపు తీస్తుంది, టర్బోని తిప్పే పొగ బయటికి పోతుంది, ఒత్తిడి తగ్గుతుంది. మీరు కబురెళ్లే దారి మూసేశారు. డబ్బాకి ఏమీ తెలీదు. టర్బో గాలి తోస్తూనే ఉంది. మీకెంత భయమేస్తే అంత మూశారు. ఎంత మూస్తే అంత పెరిగింది."

"మరి గేజీ సున్నా?"

"ఇంజిన్ ఆగితే టర్బో ఆగుతుంది. టర్బో ఆగితే గాలి ఎక్కడ? ఆవిరిలా లోపల నిలవుండదు. సున్నా అంటే నిజంగా సున్నాయే."

ముల్లుగారు ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడా తప్పు కనబడలేదు. బొమ్మలో తప్పు లేకపోతే ఇన్నేళ్ల తన చేతిలో తప్పుందన్నమాట. అది ఒప్పుకోవడం కంటే పేలుడే సులువనిపించింది ఆయనకు.

"నేను తెరుస్తాను," అని అమ్మాయి లేచింది.

"వద్దు!" ఆయన చటుక్కున లేచి కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఇక్కడే ఉండు. యాభై అడుగులు. కదిలావంటే ఒట్టే."

ఆ యాభై అడుగులు ఆయన నడిచిన నడక అంతా ఇంతా కాదు. అడుగుకో దేవుణ్ణి తలుచుకున్నాడు. అడుగులు మిగిలి దేవుళ్లు అయిపోతే మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టాడు. బానెట్ ఎత్తాడు. ఇత్తడి వాల్వు మీద చెయ్యి వేస్తే, చెయ్యి తనంతట తాను కుడివైపుకే పోయింది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఆపాడు. కళ్లు మూసుకుని ఎడమవైపు తిప్పాడు. పావు. అర. ముప్పావు. ఒక చుట్టు.

ఏమీ కాలేదు.

"ఏరా, అయిందా?" అంది లోపలినుంచి తల్లి. "ఎంతసేపురా ఈ ఎండలో!"

ఇంజిన్ స్టార్టు చేసి, తల్లి ఒక్కతే లోపల ఉండగా వంద గజాలు ఎగువకు నడిపాడు. ముల్లు మెల్లగా లేచి పన్నెండు దగ్గర ఆగింది. కాస్త ఊగింది. అక్కడే నిలబడింది. ఆయన ఏడవబోయి నవ్వాడు.

భార్యా కూతురూ పరుగున వచ్చి ఎక్కారు. "ఆ కానిస్టేబుల్‌కి చెప్పాలి కదే, పాపం," అని ముల్లుగారు దిగబోయాడు.

"తొమ్మిదీ ముప్పై ఐదు!" అంది అమ్మాయి.

బండరాయి దిగుతున్న టీకొట్టు ఆయన్ని ముల్లుగారు పిలిచి, "ప్రమాదం తప్పిందని కింద కానిస్టేబుల్ గారితో చెప్పవయ్యా, పుణ్యముంటుంది," అన్నాడు.

"చెప్తానండీ, మీరు పదండి," అని ఆయన కెటిలు పట్టుకుని కిందికి వెళ్లాడు. చెప్పాలనే వెళ్లాడు. కాని మలుపు దాటగానే అరవై బండ్లూ, రెండొందల మంది జనమూ, అందరి నోళ్లూ ఎండిపోయి కనబడ్డారు. ఆయన జీవితంలో అలాంటి ఉదయం అంతకుముందు రాలేదు. రోడ్డు తెరుచుకుంటే వీళ్లంతా వెళ్లిపోతారు. కెటిలు నాలుగుసార్లు నిండి నాలుగుసార్లు ఖాళీ అయ్యాక ఆయనకు ఆ కబురు గుర్తొచ్చింది. అప్పటికి ఐదోసారి నీళ్లు మరుగుతున్నాయి.

జీపు పన్నెండు దాటకుండా, మర్యాదగా, నిదానంగా ఎక్కింది. ఆ నిదానమే కొంప ముంచింది. వాతావరణ కేంద్రం గేటు ముందు ఆగేసరికి లోపలి గోడగడియారం పదీ పన్నెండు చూపిస్తోంది. దేశంలో ఏ గడియారం తప్పినా వాతావరణ కేంద్రంలో గడియారం తప్పదు.

అమ్మాయి మెట్ల మీద కూలబడింది. ముల్లుగారు ఆమె పక్కన నిలబడి, చేతిలో ఉత్తర్వు నలుపుతూ, ఒకే మాట అనుకున్నాడు. 'నేనే మూసేశాను. దీని దారి కూడా నేనే మూసేశాను.' పేలుడంటే చప్పుడు చేసేదే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

లోపలినుంచి అటెండరు వచ్చాడు. "చేరడానికొచ్చారా? కూర్చోండి. ఆఫీసరు గారు ఇంకా రాలేదు. రిజిస్టరు బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గరుంది. ఎన్నడూ ఆలస్యం చెయ్యని మనిషి, ఇవాళేమిటో మరి!"

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఫీసరు గారు కింది ఊళ్లో ఉంటారని, రోజూ తొమ్మిదింపావుకి బయలుదేరి ఆ కొండదారినే వస్తారని అటెండరు చెప్పాడు. భార్య మెల్లగా వచ్చి ముల్లుగారి చెవిలో, "ఇంకొక్క మాట మాట్లాడారంటే చూడండి," అంది.

పన్నెండూ ఇరవైకి ఆఫీసరు వచ్చారు. జీపులో కాదు, నడిచి. బూట్ల నిండా దుమ్ము, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, కోటు భుజాన వేలాడుతోంది.

"రోడ్డు మూసేశారయ్యా! ఫైరింజను వచ్చేదాకా ఎవణ్ణీ వదలనంటాడు ఆ కానిస్టేబుల్! చివరికి మేకలదారిన ఐదు కిలోమీటర్లు నడిచొచ్చాను. మలుపు మీద బాయిలర్ పేలబోతోందట! బాయిలర్!" నీళ్లు గటగటా తాగి, అమ్మాయిని చూశారు. "నువ్వేనా కొత్తగా చేరేది? ఎన్నింటికొచ్చావు?"

అమ్మాయి లేచి నిలబడింది. "పదీ పన్నెండుకి సార్."

అబద్ధం నేర్పని పెంపకాన్ని ముల్లుగారు ఆ ఒక్క క్షణం మనసులో తిట్టుకున్నాడు. ఆఫీసరు బీరువా తెరిచి రిజిస్టరు తీశారు. మొదటి గడి ఆయనది, రెండోది అమ్మాయిది. ఆయన కలం అమ్మాయి గడి మీద ఆగింది. అక్కడ పదీ పన్నెండు రాస్తే, దానికి పైన తన గడిలో పన్నెండూ ఇరవై రాయాలి. ఎన్నడూ ఆలస్యం చెయ్యని మనిషి కాసేపు ఆలోచించారు.

"ఇవాళ దారి మూసేశారు కాబట్టి," అన్నారు మెల్లగా, "ఎవరూ ఆలస్యంగా వచ్చినట్టు కాదు. సంతకం పెట్టమ్మా."

అమ్మాయి సంతకం పెట్టింది. ఆఫీసరు ముల్లుగారి వైపు తిరిగారు. "మీరు?"

"అమ్మాయి తండ్రినండీ. సార్, ఆ రోడ్డు సంగతి... అసలు ఆ జీపు..."

"బాయిలర్ ఆపరేటరండీ ఈయన," అని భార్య అడ్డుపడింది. మాట మార్చాలన్న తొందరలో ఆ ఒక్క ముక్కే దొరికింది ఆవిడకు.

ఆ మాట వినగానే ముల్లుగారు తలుపు వైపు ఒక అడుగు వేశాడు.

"బాయిలర్ ఆపరేటరా!" ఆఫీసరు మొహం వెలిగిపోయింది. "దేవుడు పంపినట్టు వచ్చారండీ! మీరే చెప్పండి, కొండ మలుపు మీదికి బాయిలర్ ఎలా వస్తుంది?"

"రాదు సార్," అన్నాడు ముల్లుగారు. "రానే రాదు."

"అదే నేనూ ఆ కానిస్టేబుల్‌తో మొత్తుకున్నాను! చూడండి, ఉదయం రీడింగులు వెళ్లలేదని పైవాళ్లు నన్ను సంజాయిషీ అడుగుతారు. మీలాంటి తెలిసినవారు ఒక్క ముక్క రాసిస్తే చాలు. రోడ్డు మీద బాయిలర్ ఉండే అవకాశం లేదని, వదంతి వల్ల రాకపోకలు ఆగాయని. కింద మీ వృత్తి, అనుభవం రాయండి, దానికి విలువుంటుంది."

అటెండరు కాగితం తెచ్చి ముందు పెట్టాడు. ముల్లుగారు భార్య వంక చూశాడు, కూతురి వంక చూశాడు. దేవుణ్ణి తలుచుకుని, గుండ్రటి అక్షరాలతో, అబద్ధం ఒక్కటి కూడా లేకుండా ఆ రెండు వాక్యాలూ రాశాడు. వృత్తి అన్నచోట బాయిలర్ ఆపరేటరు అని రాశాడు. అనుభవం అన్నచోట కాసేపు ఆగి ఇలా రాశాడు: "ఈ ఉదయం మినహాయించి, ఇరవై రెండేళ్లు."